ఈ తొమ్మిది తల చిన్నదేంటి సార్?

(నాణేలు సేకరించేవాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఫ్యాన్లు ఆపమన్నది నేనే, తిట్టుకోకండి. ఈ చిన్న త్రాసు పాయింటు తర్వాత రెండంకెలు చూపిస్తుంది. గాలి తగిలితే అంకె ఒక చోట నిలవదు. పది నిమిషాలు ఓర్చుకుంటే మళ్ళీ వేయిస్తాను.

బల్ల మీద రెండు రూపాయలు పెట్టాను. రెండింటి మీదా ఆరవ జార్జి తలకాయే, రెండింటి మీదా 1939 అనే ఉంది. రెండూ 1939వి కావు. ఎడమ పక్కది ఏ టంకశాల గడపా తొక్కలేదు, ఎవరి షెడ్డులోనో పుట్టింది. కుడి పక్కది టంకశాలలోనే పుట్టింది. సర్కారు కొట్టిన వెండి రూపాయే, కాకపోతే 1938లో. బయటికొచ్చాక ఎవరో దాని సంవత్సరం మార్చారు. మొదటిది నకిలీ. రెండోదాన్ని మార్చిన నాణెం అందాం, మనవాళ్ళు 'ట్యాంపరింగ్ పీసు' అంటుంటారు. మామూలుగా రెండింటినీ కలిపి డూప్లికేటు అనేస్తాం. అక్కడే పప్పులో కాలేస్తాం. నకిలీని పట్టుకునే పరీక్షలన్నీ మార్చినదాని మీద చేసి, అన్నింట్లో పాసైంది కదా అని డబ్బులిచ్చేస్తాం. నేను ఇచ్చాను, అందుకే చెబుతున్నాను.

కొత్తవాళ్ళ కోసం ఈ 1939 గోల ఏమిటో ముందు చెప్పాలి. 1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టిన దగ్గర్నుంచి దాని బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో వెండి 91.7 శాతం. 1939 దాకా ఇదే లెక్క. యుద్ధం వచ్చాక, 1940 నుంచి వెండి సగానికి దించి మిగతాది రాగి, నికెలు, జింకు కలిపారు. అంటే మంచి వెండి రూపాయికి ఆఖరి సంవత్సరం 1939. ఆ ఏడాది తేదీతో జనం చేతుల్లోకి వచ్చినవి బహు కొద్ది. 1938వి మాత్రం దండిగా దొరుకుతాయి. రాజు అతనే, బరువు అంతే, వెండి అంతే, అంచు మీద గళ్ళు కూడా అవే. తేడా ఆఖరి అంకె ఒక్కటే. మోసం చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

నేను బ్యాంకులో క్యాషియరుగా చేరిన కొత్తలో ఒక వ్యాపారి దగ్గర ఈ కుడి పక్కది కొన్నాను. ఆ నెల జీతంలో మూడో వంతు పోసి కొన్నాను. గుడ్డిగా ఏం కొనలేదు లెండి. తూచాను, సరిపోయింది. రాతి మీద మోగించాను, ఖంగుమంది. అయస్కాంతం పెట్టాను, అంటుకోలేదు. అంచు చూశాను, గళ్ళు వరసగా ఉన్నాయి. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పాను, మన దగ్గర 1939 ఉందని. ఆవిడ "అయితే?" అంది. [నవ్వులు]

రెండు నెలల తర్వాత ఉంగరం సరిచేయించుకోవడానికి మా వీధి ఆచారి గారి దగ్గరికి వెళ్ళి, గొప్పగా ఇది కూడా చూపించాను. ఆయనకి నాణేల సంగతి ఏమీ తెలియదు. కంటికి భూతద్దం బిగించుకుని తిప్పి చూసి, "వెండి మంచిదే సార్. కానీ ఈ తొమ్మిది తల చిన్నదేంటి?" అన్నాడు.

అదేంటో దగ్గరగా చూపిస్తాను. తెర మీద ఫొటో వేయండి బాబూ. చూడండి, 1939లో తొమ్మిదులు రెండున్నాయి. రెండో స్థానంలో ఒకటి, చివర ఒకటి. ఒకే డై మీద, అంటే ముద్ర వేసే ఉక్కు అచ్చు మీద చెక్కినవి కాబట్టి రెండింటికీ ఒకే పోలిక ఉండాలి. ఎనిమిదికి పై సున్నా చిన్నది, కింది సున్నా పెద్దది. తొమ్మిదికి పై సున్నాయే పెద్దది. ఎనిమిదిలో కింది సున్నాకి ఎడమ పక్క చెక్కేస్తే చూపుకి తొమ్మిదే అవుతుంది కానీ తల మాత్రం ఎనిమిది తలే, అది పెరగదు కదా. పక్కనే టంకశాల చెక్కిన అసలు తొమ్మిది కూర్చుని ఉంది, సాక్షిలాగా. దాన్ని వదిలేసి నేను రాళ్ళ మీద మోగిస్తూ కూర్చున్నాను.

ఇంకోటి కూడా ఆచారి గారే చూపించారు. నాణెం మీద అంకెలు పైకి లేచి ఉంటాయి. లేచినదాన్ని తీసేయాలంటే ఉలితో చెక్కాలి, లేదా సన్నగా అరగదీయాలి. ఎంత పనివాడైనా కింద నేలని తాకకుండా చెక్కలేడు. కాబట్టి అంకె పక్కన చిన్న గుంట పడుతుంది. దాన్ని దాచడానికి మెరుగు పెడితే అక్కడొక్కచోటే వేరే రకం నిగారింపు వస్తుంది. లైటు నెత్తి మీద నుంచి కాకుండా పక్క నుంచి, దాదాపు బల్లకి ఆనించి వేయండి. నాణేన్ని వేలి మీద నెమ్మదిగా తిప్పండి. మిగతా నేల అంతా ఒక తీరుగా వెలిగి ఆరిపోతుంది. చెక్కిన చోట మాత్రం వెలుగు తడబడుతుంది. పది రెట్లు చూపించే భూతద్దం చాలు, మైక్రోస్కోపులు అక్కర్లేదు.

ఈ కథ నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఇది. నకిలీ అని అనుమానమొస్తే మొత్తం నాణేన్ని చూడాలి: బరువు, లోహం, తయారైన తీరు. మార్చినదని అనుమానమొస్తే ధర ఎక్కడుందో అక్కడ చూడాలి. ఈ నాణేనికి ఇంత రేటు దేని వల్ల అని అడగండి. అంకె వల్లా, టంకశాల గుర్తు వల్లా, ఉండాల్సిన అక్షరం లేకపోవడం వల్లా? ముందు ఆ మిల్లీమీటరు దగ్గర భూతద్దం పెట్టండి. నాణేనికి జాతకం ఉందంటారు చూడండి, ఆ జాతకమంతా ఆ మిల్లీమీటరులోనే ఉంటుంది.

ఇప్పుడు ఎడమ పక్కది తూద్దాం. అమ్మా, ముందు వరసలో ఆకుపచ్చ చుడీదారు, నువ్వు రా. త్రాసు మీద పెట్టు. ఎంత? 10.20. రావాల్సింది 11.66. వాడకంలో అరిగిన రూపాయి పదకొండున్నరకి, పదకొండుం పావుకి దిగొచ్చు, కానీ ఇది కొత్తగా మెరుస్తోంది. మెరిసే నాణెం గ్రామున్నర అరగదు కదా. ఇప్పుడు ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టు. అంకెని సున్నా చెయ్యి. నాణేనికి దారం కట్టాను, నీళ్ళలో మునిగేలా పట్టుకో, అడుగుకి తగలకూడదు. ఎంత చూపిస్తోంది? 1.18. అంటే నాణెం పక్కకి నెట్టిన నీటి బరువు 1.18 గ్రాములు. 10.20ని 1.18తో భాగిస్తే లోహం నీటి కంటే ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. ఎనిమిదిన్నర దాటి వచ్చింది. మంచి రూపాయి వెండికి పది పాయింట్ మూడు రావాలి. ఎనిమిదిన్నర, పావు తక్కువ తొమ్మిది అంటే జర్మన్ సిల్వర్ కావచ్చు. పేరులో తప్ప దాన్లో వెండి ఉండదు.

ఇప్పుడు కుడిది ముంచు. 11.60 బరువు, నీళ్ళలో 1.12. పది పాయింట్ మూడున్నర. చూశారా, దొంగ నాణెం, ఫస్టు క్లాసులో పాసైంది. థాంక్స్ అమ్మా, కూర్చో. ఫ్యాన్లు వేసేయండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దేనికి ఎంత బరువుండాలో ముందు తెలియాలి. మా మేనల్లుడు ఒకసారి కంగారుగా ఫోన్ చేశాడు, "మామయ్యా, తాతయ్య పెట్టెలో రూపాయలన్నీ డూప్లికేటే, ఒక్కటీ పదకొండున్నర రావడం లేదు" అని. ఏం బొమ్మరా అంటే చార్మినార్ అన్నాడు. నిజాం హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాములే, వెండి కూడా 81.8 శాతమే. ఇంగ్లీషు రూపాయి కొలతతో నిజాం రూపాయిని తూస్తే హైదరాబాద్ ఖజానా అంతా దొంగదే అవుతుంది. [నవ్వులు] వాటిలో చూడాల్సింది చార్మినార్ కమానులో ఉన్న అరబ్బీ లిపి అక్షరం. మహబూబ్ అలీ ఖాన్ నాణెమైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే అయిన్. తేదీ ఒకరిది, అక్షరం ఇంకొకరిది అయితే కొనకుండా లేచి వచ్చేయండి.

అయస్కాంతం కూడా అంతే. వెండికి, బంగారానికి, రాగికి అంటుకోకూడదు, నిజమే. కానీ 1947లో పులి బొమ్మతో వచ్చిన రూపాయి శుద్ధ నికెలు. అది అంటుకోవాలి. అంటుకోకపోతేనే అనుమానించాలి.

తయారైన తీరు గురించి రెండు మాటలు. అసలు నాణెం మీద ముద్ర దెబ్బతో పడుతుంది. బిళ్ళని రెండు డైల మధ్య పెట్టి కొడతారు. ఆ దెబ్బకి లోహం పాకుతుంది, అందుకే కొత్త నాణేన్ని తిప్పుతుంటే వెలుగు చక్రంలా తిరుగుతుంది. పోత పోసినదానికి ఆ వెలుగు రాదు. సబ్బుబిళ్ళ మీద అక్షరాల్లా అంచులు మొద్దుబారి ఉంటాయి. గాలి బుడగల వల్ల సూదిమొన గుంటలు, అక్కడక్కడ చిన్న పొక్కులు ఉంటాయి. రెండు అచ్చులు కలిసిన చోట అంచు చుట్టూ గీత వస్తుంది. ఆ గీతని ఆకురాయితో రాస్తారు, ఆ గీరలు మిగిలిపోతాయి. కొనేవాళ్ళు బొమ్మా బొరుసూ చూస్తారు కానీ అంచు చూడరని వాడికి తెలుసు. అంచు చూడండి.

పోత నకిలీ పాతకాలపు పని. ఇప్పుడు తెలివైనవాళ్ళు అసలు నాణెం నుంచే డై తీసి కొడుతున్నారు. వాటికి మెరుపు ఉంటుంది, బరువు ఉంటుంది, అక్షరాలు పదునుగా ఉంటాయి. వీటిని ఒంటరిగా చూస్తే పట్టుకోవడం కష్టం. జంటగా చూస్తే తేలిక. ఎందుకంటే డై తీయడానికి వాడిన ఆ అసలు నాణెం మీద ఎక్కడో ఒక గాటు ఉంటుంది, ఎవరి జేబులోనో తాళంచెవి తగిలి పడింది. ఆ గాటు కూడా డైలోకి వెళ్తుంది, అక్కడి నుంచి ప్రతి కాపీ మీదకీ వస్తుంది. రాజుగారి చెంప మీద ఒకే చోట, ఒకే వంకరతో గాటున్న రెండు రూపాయలు ఇద్దరు వ్యాపారుల దగ్గర కనిపిస్తే ఇంకేం చూడనక్కర్లేదు. చేత్తో కొట్టిన పాత నాణేలకి ఇది ఇంకా గట్టి పరీక్ష. సుత్తి దెబ్బ రెండుసార్లు ఒకేలా పడదు. రెండు వరహాలకి ముద్ర ఒకే వైపు జరిగి, పగులు ఒకే చోట ఉంటే అవి కవలలు కావు, కాపీలు.

వరహాలన్నాను కాబట్టి చెబుతున్నాను. విజయనగరం వరహా మూడున్నర గ్రాములకి కాస్త తక్కువ తూగుతుంది. దీనికి నకిలీలు మంచి బంగారంతోనే చేస్తారు. గీటురాయి మీద గీస్తే బంగారమనే చెబుతుంది, అబద్ధం చెప్పదు. కానీ అది కృష్ణదేవరాయల కాలంలో కొట్టిందా, పోయిన సంవత్సరం కొట్టిందా అని గీటురాయిని అడిగితే దానికేం తెలుసు? బంగారం ధరకీ వరహా ధరకీ మధ్య ఉన్న తేడాయే వాళ్ళ లాభం.

పాతదనం తెప్పించడం కూడా ఒక విద్యే. జర్మనీలో కార్ల్ విల్హెల్మ్ బెకర్ అని ఒకాయన ఉండేవాడు, 1772లో పుట్టి 1830లో పోయాడు. గ్రీకు, రోమను నాణేలకి సొంతంగా డైలు చెక్కి కొట్టాడు. వాటి కొత్త మెరుపు పోవడానికి ఇనప రజనుతో పాటు పెట్టెలో వేసి, ఆ పెట్టెని గుర్రబ్బండికి కట్టి ఊరంతా తిప్పేవాడట. మనవాళ్ళు చింతపండు, గంధకం, పేడగుంట దాటి వెళ్ళలేదు. రంగు పాతగా ఉందని మురిసిపోకండి. అసలైన మకిలి పల్లంలో పేరుకుంటుంది, ఎత్తుల మీద రుద్దుకుపోతుంది. పూసినది ఎత్తుపల్లాలు చూడకుండా ఒకే మందంగా ఉంటుంది.

మళ్ళీ మార్చినవాటి దగ్గరికి వస్తాను, నా అసలు గొడవ వాటితోనే.

పంది రూపాయి చాలామందికి తెలుసు. 1911లో ఐదవ జార్జి పేరు మీద కొట్టిన రూపాయి. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ ఉండాలి. తొండం పొట్టిగా పడి చూసినవాళ్ళకి పందిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు, పంపిణీ ఆపారు, 1912లో తొండం సరిచేసి కొత్త డై తెచ్చారు. ఇప్పుడు ఎవరైనా 1912లో రెండుని ఒకటిగా గీకారనుకోండి. మీరు అంకె వైపు కాసేపు చూసి, నాణేన్ని తిప్పి అంగీ చూడండి. తొండం సరిగ్గా ఉంటే ఆ 1911 అబద్ధం. సంవత్సరం మార్చగలిగాడు కానీ వెనక్కి తిప్పి ఏనుగుని పంది చేయలేకపోయాడు. అలాగే 1940 తర్వాతి సగం వెండి రూపాయిని 1939 చేయాలని చూస్తే అంచు పట్టిస్తుంది. 1938, 39 రూపాయల అంచుకి మామూలు నిలువు గళ్ళు. 1940 నుంచి దొంగ రూపాయలు అరికట్టడానికి వేరే రకం సెక్యూరిటీ అంచు పెట్టారు. ఏ నాణెమైనా ఒక చోట మారిస్తే ఇంకో చోటు పాత కథే చెబుతుంది.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకి ఒకటి చెప్పాలి. అక్కడ 1943లో యుద్ధం వల్ల రాగి దొరక్క ఒక సెంటు నాణేన్ని ఉక్కుతో కొట్టారు. పొరపాటున రాగి బిళ్ళల మీద పడినవి అతి కొద్ది, వాటి ధర వింటే కళ్ళు తిరుగుతాయి. అందుకని కొందరు ఉక్కు సెంటుకి రాగి పూత పూస్తారు. దానికి అయస్కాంతం చాలు. ఇంకొందరు 1948 రాగి సెంటు తీసుకుని ఎనిమిదిని సగం చెక్కి మూడు చేస్తారు. దానికి అయస్కాంతం పనిచేయదు. ఆ అసలు మూడుకి కిందికి జారిన పొడవాటి తోక ఉంటుంది, చెక్కిన మూడుకి ఉండదు. చూడండి, ఒకే నాణేనికి ఒక మోసాన్ని అయస్కాంతం పట్టింది, ఇంకో మోసాన్ని భూతద్దం పట్టింది. పనిలో పనిగా, మీ పిల్లలకి బహుమతిగా నూరేళ్ళు దాటిన నాణేలు సూట్‌కేసులో పెట్టి పంపకండి. మన చట్టం ప్రకారం అవి పురావస్తువులు.

మన ఇళ్ళల్లో మారిన నాణేల్లో ఎక్కువ భాగం మోసం కోసం మార్చినవి కావు. కాసులపేరులో గుచ్చినవి, మెడలో వేసుకోవడానికి కొక్కెం మాటు వేసినవి. తర్వాత ఎప్పుడో కొక్కెం తీసేసి, మచ్చ అరగదీసి, 'బ్రహ్మాండమైన కండిషన్' అని అమ్మకానికి పెడతారు. వీటికి చూడాల్సింది రాజు కిరీటానికి సరిగ్గా పైన ఉన్న అంచు. గళ్ళు వరసగా వస్తూ వస్తూ అక్కడ మూడు నాలుగు మిల్లీమీటర్లు నున్నగా ఉంటే, లేదా వెండి రంగు కాస్త పసుపు తిరిగితే, అది మాటు మచ్చే. చిల్లు పూడ్చినదైతే లోపలి అక్షరాన్ని చేత్తో చెక్కుతారు, మిగతా అక్షరాల పక్కన అది మా మనవడి చేతిరాతలా ఉంటుంది. ఇవి కొనకూడదని నేననను. కొక్కెం ఉన్న నాణెం ధరకి కొనండి, అంతే.

పాత రూపాయల మీద చిన్న చిన్న గుర్తులు, గాట్లు కనిపిస్తే మాత్రం భయపడకండి. అవి షరాబులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు వేసినవి, వెండి మంచిదేనని తేల్చుకోవడానికి. మన వైపు దొరికిన రోమను నాణేల మీద కూడా ఉలిగాట్లు ఉంటాయి. మనం ఇప్పుడు చేస్తున్న పనే వాళ్ళూ చేశారు, కాకపోతే త్రాసు, దారం లేకుండా.

చట్టం కూడా ఈ రెండింటినీ విడదీసింది. పాత శిక్షాస్మృతిలో నకిలీ నాణెం తయారీకి వేరే సెక్షన్లు. వేరే నాణెంగా చెలామణీ చేయాలని అసలు నాణెం రూపు మార్చడానికి 248, 249 సెక్షన్లు. అందులోనే ఫరూఖాబాద్ రూపాయి అని ఒక ఉదాహరణ ఉండేది: వాడకం ఆగిపోయినా అది భారతీయ నాణెమే అని. 2024 జులై నుంచి దాని బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, నంబర్లు మారాయి.

ఇక నకిలీ కూడా కాని ఒక జాతి ఉంది. ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసి, వెనక హనుమంతుడో రామపట్టాభిషేకమో ఉన్న రాగి బిళ్ళలు. కంపెనీ అలాంటి అణా ఎప్పుడూ కొట్టలేదు. అసలు లేనప్పుడు దానికి నకిలీ ఎలా ఉంటుంది? అది బియ్యపు గింజల్ని లాగుతుందని, రైస్ పుల్లర్ అని, లక్షలు పోసినవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందో. ఆశ లావు, పీక సన్నం. పాత నాణేలు కోట్లకి కొంటామని, ముందు ఫీజు కట్టమని ఫోన్లు వస్తాయి. రిజర్వు బ్యాంకు తన పేరు వాడుకుంటున్నారని 2021 ఆగస్టులో ప్రకటనే ఇచ్చింది. దీనికి తలకిందులు పది రూపాయల బిళ్ళ. గీతలు పదుంటే మంచిదని, పదిహేనుంటే దొంగదని కిరాణా కొట్లో తీసుకోరు. 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. నేను క్యాషు కౌంటరులో కూర్చుని ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మంచి నాణేన్ని దొంగదంటారు, నా చేతిలో దొంగదాన్ని చూసి మంచిదన్నారు, అదీ మన రాత.

ఎవరో చెయ్యెత్తారు. ఆఁ, కంపెనీలు పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి గ్రేడు వేసిన నాణేలా? మంచివే, కానీ ఆ డబ్బాలకి కూడా నకిలీలు వస్తున్నాయి. డబ్బా మీద నంబరుని ఆ కంపెనీ సైటులో కొట్టి, అక్కడున్న ఫొటోలో గాట్లు, మరకలు మీ చేతిలో నాణెంతో పోల్చండి. నంబరు సరిపోయిందని ఆగిపోవద్దు, నంబరు కాపీ చేయడం అన్నింటికంటే సులువు.

సరే, టీ వస్తోంది. ఈ ట్రేలో ఎనిమిది రూపాయలున్నాయి, అన్నింటి మీదా నంబరు అంటించాను. రెండు నకిలీ, మూడు మార్చినవి, మూడు మంచివి. త్రాసు, గ్లాసు, దారం, భూతద్దం ఇక్కడే ఉంటాయి. అంచులు పట్టుకోండి, మొహం మీద వేలు పెట్టకండి. కాగితం మీద మీ జవాబు రాసి ఇవ్వండి. ఏడో నంబరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. దాన్ని ఆచారి గారికి చూపించేలోగా ఆయన పోయారు, నాకే ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి మంచివాటిలో వేశాను.